కరాటేకి ఏ డిగ్రీ చదవాలి మాస్టారూ?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో మా క్లాసుకి కొత్త మనుషులొస్తారు. చేరడానికి కాదు, అడగడానికి. పిల్లలు వరసల్లో నిలబడి పంచ్‌లు కొడుతుంటే వాళ్లు గోడ పక్కన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని చూస్తూ ఉంటారు. క్లాసు అయ్యాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడుగుతారు.

‘‘మాస్టారూ, మావాడు కరాటే తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. ఏ డిగ్రీలో చేర్పిస్తే దీనికి పనికొస్తుంది?’’

వాళ్ల వెనకాలే ఆ పిల్లాడు నేల చూపులు చూస్తూ నిలబడి ఉంటాడు. చెవులు మాత్రం ఇటే ఉంటాయి. నేను వాడి పార్టీయా, వాళ్ల నాన్న పార్టీయా అన్నది ఆ నిమిషంలో తేలిపోవాలి మరి!

పదిహేనేళ్లుగా నేను చెప్పే జవాబు ఒకటే. ‘‘ఏ డిగ్రీ చదివినా కాలు పైకి లేవదండీ. కాలు లేపడం నేను నేర్పుతాను. మనిషి ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పే చదువేదైనా చదివించండి.’’

చాలా గట్టిగా చెప్పేవాణ్ణి. 2025 వేసవిలో అదే ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది. అప్పుడు తెలిసింది, ఎదుటివాళ్ల పిల్లలకి చెప్పినంత తేలిక కాదని.

* * *

మాది విజయనగరం. నాన్న జూట్ మిల్లులో గుమాస్తా. సుమన్, భానుచందర్ సినిమాలు చూసి గాల్లోకి కాళ్లు విసిరిన తరం మాది. మునిసిపల్ స్కూలు మైదానంలో ఒక మాస్టారు సాయంత్రాలు కరాటే నేర్పేవారు. కోరా గుడ్డ కొని దర్జీ దగ్గర డ్రెస్సు కుట్టించుకుని పదకొండో ఏట చేరాను. ఆ మైదానంలో పల్లేరు కాయలుండేవి. అవి గుచ్చుకున్నా కదలకుండా నిలబడితేనే మగాడని అనుకునేవాళ్లం.

1994లో ఇంటర్ పాసయ్యాను. ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు గురించి చెప్పుకోకపోవడమే మంచిది. నాన్న మళ్లీ కోచింగ్‌కి వెళ్లమన్నాడు. నేను కరాటే మాస్టారు అవుతానన్నాను. నాన్న కోప్పడలేదు. చాలాసేపు నా మొహం చూసి, ‘‘తన్నుకోడానికి జీతమిస్తార్రా ఎవులైనా?’’ అన్నాడు. చివరికి ఒక రాజీ కుదిరింది. ఏదో ఒక డిగ్రీ చదివితే కరాటే జోలికి రానన్నాడు.

నేను బీకామ్‌లో చేరాను. ఎందుకో తెలుసా? మా కాలేజీలో బీకామ్ క్లాసులు మధ్యాహ్నం ఒంటిగంటకి అయిపోయేవి. సైన్సు వాళ్లకి సాయంత్రం దాకా ప్రాక్టికల్స్ ఉండేవి. డిగ్రీ ఎంచుకోవడానికి నేను చూసుకున్నది ఆ ఒక్కటే. మూడేళ్లూ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కటాలు, కుమితే. పరీక్షలకి పది రోజుల ముందు గైడ్లు. ఆ పట్టా నాన్నకి ఇవ్వాల్సిన కప్పంలాంటిది అనుకునేవాణ్ణి.

1998లో సొంతంగా క్లాసు మొదలుపెట్టాను. ఇరవైమూడు మంది పిల్లలు, నెలకి యాభై రూపాయల ఫీజు. లెక్కేసి చూస్తే పదకొండు వందల యాభై. నిజంగా చేతికొచ్చేది ఏడెనిమిది వందలు. మే నెలలో సమ్మర్ క్యాంపు పేరుతో మైదానం నిండిపోయేది. జూన్‌లో బడులు తెరవగానే సగం మంది మాయం. బెల్టు పరీక్షలొస్తే నాలుగు డబ్బులు. స్కూళ్ల వాళ్లు పీరియడ్ లెక్కన ఇచ్చేవారు, సెలవులొస్తే అదీ లేదు. పెళ్లయ్యాక, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే మా ఆవిడ జీతమే జూన్, జులై నెలల్లో మా ఇంటి పొయ్యి వెలిగించేది.

అప్పుడు పనికొచ్చింది ఆ బీకామే. ఎవరు బాకీ, ఎవరు కట్టారు, అద్దె ఎంత, మ్యాట్లకి ఎంత పక్కన పెట్టాలి... పుస్తకం రాయడం తెలుసు కాబట్టి నిలబడ్డాను. నాతో పాటు క్లాసులు పెట్టి, నాకన్నా బాగా కాలు తిప్పగలిగిన ఇద్దరు మిత్రులు రెండేళ్లలో మూసేసి వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. అయినా అప్పుడు ఆ సంగతి నేను ఒప్పుకోలేదు. అంతా నా కరాటే గొప్పే అనుకున్నాను.

* * *

2006లో ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి. ఇన్నేళ్లలో బయటివాళ్లకి పెద్దగా చెప్పలేదు.

పదమూడేళ్ల కుర్రాడు. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. చురుకైనవాడే కానీ కాళ్లు రెండూ పక్కలకి చాపి నేలకి ఆనించే స్ప్లిట్ వాడికి వచ్చేది కాదు. వారంలో బెల్టు పరీక్ష ఉంది. నా గురువు నన్ను ఎలా సాగదీశారో నేనూ అలాగే చేశాను. వాణ్ణి కూర్చోబెట్టి, వెనక నుంచి భుజాల మీద బరువేసి కిందికి నొక్కాను. వాడు ‘‘సార్, నొప్పి’’ అన్నాడు. ‘‘నొప్పి రాకుండా కరాటే రాదు’’ అన్నాను. ఆ మాట నా గురువు నాకు చెప్పిందే. ఇంకోసారి నొక్కాను. టప్ మని చిన్న చప్పుడు. వాడి అరుపు మాత్రం చిన్నది కాదు.

ఎక్స్‌రే చూసి డాక్టరు గారు నిదానంగా వివరించారు. ఎదిగే పిల్లల్లో ఎముక కొనలు ఇంకా గట్టిపడవట. పెద్దవాళ్లయితే కండరం చిరుగుతుంది. ఈ వయసులో కండరం కన్నా ఎముక కొనే బలహీనం. బలంగా లాగితే కండరం తన వెంట ఎముక ముక్కని కూడా ఊడదీసుకుని వస్తుంది. తుంటి దగ్గర అదే జరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్ని వారాలు కర్రల సాయంతో నడవాలి అన్నారు. తర్వాత నన్ను అడిగారు.

‘‘మీరేం చదువుకున్నారు మాస్టారూ?’’

ఆయన ఎత్తిపొడవలేదు, మామూలుగానే అడిగారు. ‘‘బీకామ్ అండీ’’ అన్నాను. ఆయన తలాడించి చీటీ రాయడంలో పడ్డారు.

ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. వాళ్ల నాన్న నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన ఆటో పక్కన నిలబడి, ‘‘మీకు తెలుసుననే కదండీ మీ చేతిలో పెట్టాం’’ అని మాత్రం అన్నాడు. కుర్రాడి కాలు బాగయింది. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. కానీ మళ్లీ మైదానంలోకి రాలేదు.

* * *

ఆ తర్వాత రెండేళ్లకి, ముప్ఫై ఒకటో ఏట బీపీఈడీ ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాశాను. అప్పట్లో ఏడాది కోర్సు. ఇప్పుడది రెండేళ్లు. ఆ పరీక్షలో పరుగు, గుండు విసరడం, దూకడం లాంటివి ఉంటాయి. ఆటలో నైపుణ్యం కూడా చూస్తారు. నా బ్లాక్ బెల్టుని పక్కన పెట్టి కబడ్డీ ఎంచుకున్నాను. క్లాసులో నాకన్నా పదేళ్లు చిన్నవాళ్లు నన్ను ‘అన్నయ్యా’ అనేవారు. కరాటే క్లాసు సీనియర్ విద్యార్థులకి అప్పగించి ఆ ఏడాది ఎలాగో నెట్టుకొచ్చాను.

అనాటమీ పాఠాలు వింటుంటే ఒక్కొక్కటీ నాకు తగులుతున్నట్టే ఉండేది. ఒళ్లు వేడెక్కకుండా కండరాన్ని సాగదీయకూడదని, సాగదీయడం ఎక్కువగా కసరత్తు ముగిశాకే మంచిదని అక్కడే తెలిసింది. గొంతుక్కూర్చుని కప్పగంతులు వేయిస్తే మోకాలి మీద ఎంత భారం పడుతుందో, సిమెంటు నేల మీద పిల్లల చేత పిడికిళ్లతో దండీలు తీయిస్తే ఏమవుతుందో తెలిసింది. మా కాలంలో క్లాసు మధ్యలో మంచినీళ్లు తాగనిచ్చేవారు కాదు. అది క్రమశిక్షణ అనుకున్నాం. ఎండాకాలం అది ప్రాణం మీదికి తెస్తుంది.

మా ఊరివాళ్లకి కోడి రామ్మూర్తి నాయుడు గారి కథ ఉగ్గుపాలతోనే తెలుసు. గుండెల మీదికి ఏనుగుని ఎక్కించుకున్నాడని, ఇనప గొలుసులు తెంచాడని. వీరఘట్టంలో పుట్టిన ఆ కలియుగ భీముడు మద్రాసు దగ్గర సైదాపేటలో వ్యాయామ విద్యలో శిక్షణ పొంది వచ్చి, మా ఊళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడని మాత్రం నేను బీపీఈడీ చదివేటప్పుడే గమనించాను. అంత బలం ఉన్నవాడు కూడా ముందు వెళ్లి చదువుకుని వచ్చాడు. అంతటి దేహానికి కూడా చివరి రోజుల్లో జబ్బు చేసి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఆయన పోయారు.

ఇంకాస్త చదివితే విదేశాల వాళ్ల సంగతీ తెలిసింది. జూడో పుట్టించిన జిగొరో కానో టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. 1882లో కొదోకాన్ అనే శిక్షణాలయం పెట్టాడు. అయినా జీవితమంతా ఉపాధ్యాయుడే. టీచర్లని తయారుచేసే కళాశాలకి ఏళ్ల తరబడి పెద్దగా ఉన్నాడు. ఒకినావా నుంచి కరాటేని 1922లో టోక్యోకి తెచ్చి చూపించిన గిచిన్ ఫునకోషి బడిపంతులు. మనం గోడకి బొమ్మ తగిలించుకునే బ్రూస్‌లీ 1961లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, డిగ్రీ పూర్తి చేయకుండానే వదిలేశాడు. అందరూ అతన్నే ఉదాహరణగా చూపిస్తారు. అయితే 1970లో నడుం దెబ్బతిని నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు అతను పట్టుకున్నది పుస్తకాన్నీ కలాన్నీ అని ఎవరూ చెప్పరు.

కరాటే, జూడో, తైక్వాండో... ఏదైనా సరే, ఇందులో ‘కెరీర్’ అంటే చాలామందికి పతకాలు కాదు, పాఠాలు చెప్పడమే. పోటీల్లో ఆడేది పదేళ్లు, మహా అయితే పదిహేనేళ్లు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఇతరుల పిల్లలు మన చేతిలో ఉంటారు. డిగ్రీ అవసరం పడేది అక్కడ. నా కుడి మోకాల్లో మృదులాస్థి 2017లో చిరిగింది. నడుం ఎత్తు దాటి కాలు లేపలేను. అయినా నా క్లాసు నడుస్తోంది.

అందుకే నన్ను అడిగేవాళ్లకి ఇలా విడమరిచి చెబుతాను. ఇంటర్ కాగానే వ్యాయామ విద్యలోకి వెళ్లాలంటే రెండేళ్ల డీపీఈడీ ఉంది. డిగ్రీ తర్వాతైతే బీపీఈడీ. బైపీసీ వాళ్లకి ఫిజియోథెరపీ ఉంది, నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. శిక్షకులు కావాలనుకునేవాళ్లకి పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. బీకామ్ చదివితే తప్పేం లేదు, కానీ నాలా గైడ్లతో కాకుండా శ్రద్ధగా చదవమంటాను. క్లాసు నడపడం కూడా వ్యాపారమే కదా! దూరవిద్యలో డిగ్రీ చేస్తే సాధనకి సమయం దొరుకుతుంది. కానీ విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీల్లో ఆడాలంటే రెగ్యులర్‌గా చదువుతుండాలి, వయసు పరిమితి కూడా ఉంటుంది. ఈ సంగతి తెలియక నా శిష్యుడొకడు దూరవిద్యలో చేరి ఏడాది ఏడ్చాడు.

స్పోర్ట్స్ కోటాని నమ్ముకునేవాళ్లకి ఇంకో మాట. చేతిలో ఉన్న సర్టిఫికెట్ ఇచ్చిన సంఘానికి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఆటకి కూడా రోజులు మారుతుంటాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే మొదటిసారి కనిపించింది. 2024 పారిస్‌లో లేదు. 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు. జూడో 1964లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది, తైక్వాండో 2000 నుంచి పతకాల క్రీడ. ఒక్క ఆట మీద, ఒక్క కాగితం మీద జీవితమంతా పెట్టకూడదని ఇది చూస్తే తెలుస్తుంది.

* * *

ఇదంతా చెప్పడానికి బాగానే ఉంది. మా అమ్మాయి బైపీసీతో ఇంటర్ పాసైంది. ఆరో ఏట నుంచీ నా క్లాసులోనే పెరిగింది. రాష్ట్ర స్థాయిలో రెండు పతకాలున్నాయి. జాతీయ పోటీలకి ఒకసారి వెళ్లి మొదటి రౌండ్లోనే ఓడిపోయి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ మళ్లీ వెళ్లాలన్నదే ధ్యాస.

నేను ఫిజియోథెరపీ అన్నాను. మా ఆవిడ నర్సింగ్ అంది. మా అమ్మ, ‘‘ఆడగుంటకి తన్నులాటేటి? రేపు కాలిరిగితే ఎవుడు చేసుకుంటాడు?’’ అంది.

‘‘నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత కాలేదా నాన్నమ్మా? డీఎస్పీ ఉద్యోగం కూడా ఇచ్చారు’’ అంది మా అమ్మాయి.

‘‘ఎంతమంది నిఖత్‌లు అవుతారమ్మా?’’ అన్నాను నేను. అచ్చం మా నాన్న గొంతు. నాకే ఉలిక్కిపడినట్టయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక తను ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఒక వైపు బీపీటీ, ఇంకో వైపు మా ఊళ్లోనే బీఎస్సీ జువాలజీ. కింద గంటల లెక్క.

‘‘బీపీటీ మంచిదే నాన్నా. కానీ హాస్టల్లో ఉండాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా క్లాసులు, ఆసుపత్రి. నేనెప్పుడు ఆడాలి? బీఎస్సీ అయితే ఇంట్లోనే ఉంటాను. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు సాధన. యూనివర్సిటీ పోటీలు ఆడొచ్చు. తర్వాత బీపీఈడీ చేస్తాను.’’

‘‘ఒంటి గురించి ముందు తెలుసుకోవాలి కదమ్మా.’’

‘‘తెలుసుకుంటాను. నువ్వు ముప్ఫై ఒకటికి చదవలేదా? చదువుకి అప్పుడైనా వయసుంటుంది. పోటీలకి నా వయసు ఇప్పుడే.’’

నేను మళ్లీ ఏదో అనబోయాను. తను నెమ్మదిగా అంది. ‘‘ఆ అబ్బాయి కాలు విరగ్గొట్టింది నేను కాదు కదా నాన్నా.’’

ఆ సంగతి తనకి వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. లేచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. కోపం రాలేదంటే అబద్ధం. కానీ కూర్చున్న కొద్దీ ఆ మాట నిజమనిపించింది. పదిహేనేళ్లుగా అందరికీ చెబుతున్న ఆ సలహాలో సగం వాళ్ల పిల్లల కోసం, సగం నా బాకీ కోసం. ఆ ఆటో ఆయనకి చెప్పాల్సిన జవాబుని నా కూతురి చేత చెప్పించాలనుకున్నాను. నా తప్పుకి నేను చదువుకున్నాను. తన చదువు తన లెక్క ప్రకారం ఉండాలి. పైగా తను వేసుకొచ్చిన లెక్క, ఒంటిగంటకి క్లాసులు అయిపోతాయని బీకామ్‌లో చేరిన నా లెక్క కన్నా ఎంతో నయం. గంటలూ చూసుకుంది, తర్వాత ఏమిటన్నదీ చూసుకుంది.

తిరిగొచ్చి ఒక షరతు పెట్టాను. చిన్నపిల్లల బ్యాచ్‌కి తను సాయం చేస్తుంటుంది. బీపీఈడీ అయ్యేదాకా నేను లేనప్పుడు ఏ పిల్ల ఒంటి మీదా చేయి వేసి సాగదీయకూడదు. ఈ మూడేళ్లలో ప్రథమ చికిత్స కోర్సు ఒకటి పూర్తి చేయాలి. క్లాసు లెక్కల పుస్తకం ఇక నుంచి తనే రాయాలి. మొదటి రెండింటికీ వెంటనే ఒప్పుకుంది. లెక్కల పుస్తకానికి కాస్త బేరమాడింది.

ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి ఇంట్లో లైటు వెలుగుతుంది. తను మేడ మీద సాధన చేసుకుంటుంది. నా మోకాలు సహకరించదు కాబట్టి కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు చెబుతుంటాను. మా అమ్మ ఇంకా సణుగుతూనే ఉంటుంది. అయినా మనవరాలి కోసం రాత్రే శనగలు నానబెట్టడం మాత్రం మానదు.

మొన్న సాయంత్రం క్లాసుకి నేను కాస్త ఆలస్యంగా వెళ్లాను. ఏడేళ్ల పిల్ల ఒకత్తి స్ప్లిట్ రాక కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. మా అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని ఆ పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుంది.

‘‘నొప్పి ఎక్కడొస్తోంది?’’

‘‘ఇక్కడక్కా.’’

‘‘అయితే ఈ రోజుకి అక్కడే ఆగిపో. రేపు మళ్లీ చూద్దాం.’’

గేటు దగ్గరే కాసేపు నిలబడ్డాను. తర్వాత వెళ్లి వరసలో పెద్దపిల్లల సంగతి చూసుకున్నాను.